రుక్కమ్మ నడికట్టు

సూర్యాపేటలో పాత సందుల్లో పుట్టినవాళ్లలో సగంమందికి తొలి స్నానాలు రుక్కమ్మ కాళ్ల మీదే జరిగాయంటే గొప్పలనుకుంటారు. అనుకుంటే అనుకోండి. ఆమెతో ఒక్కసారి కూరగాయల మార్కెట్టుకు వెళ్లి వస్తే మీకే తెలుస్తుంది. ఎదురుగా బండి మీద కానిస్టేబులు వస్తాడు. "వీనికి నీళ్లు పోస్తే గల్లీ అంత లేసేది. గప్పుడు వీడు ఏడ్సిండు, ఇప్పుడు దొంగలను ఏడ్పిస్తుండు" అంటుంది. బ్యాంకులో పనిచేసే పిల్ల కనబడితే ఆ పిల్లకు వినబడేలాగే అంటుంది, "దీని ముక్కు సప్పిడిగుండె. ఒత్తి ఒత్తి నేనే లేపిన. ఇప్పుడు సూడు, నన్ను గుర్తువడతలేదు." పాపం ఆ పిల్ల ముక్కు తడుముకుంటూ వచ్చి పలకరించి పోతుంది.

పీట వేసుకుని, కాళ్లు బారజాపి, మోకాళ్ల కింద ఎముకల మీద పసిగుడ్డును బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, శనగపిండి నలుగు పెట్టి, చెంబుతో వెచ్చటి నీళ్లు పోస్తుంటే రుక్కమ్మ చేతిలో ఏడ్చే పిల్ల కూడా కాసేపటికి కళ్లు మూసేది. బిడ్డ పని అయ్యాక తల్లి పని. మెత్తబడిన నేత చీరను పొడుగ్గా చింపి, బాలింత నడుం చుట్టూ చుట్టి, "ఊపిరి బిగవట్టు బిడ్డా" అని ఒక్క గుంజు గుంజి ముడి వేసేది. అదే నడికట్టు. అది లేకపోతే పొట్ట జారుతుందనీ, నడుం నిలవదనీ ఆమెకు అత్త చెప్పింది. అత్తకు ఎవరు చెప్పారో మనకు తెలియదు.

ఇంత చేయి తిరిగిన మనిషి పోయిన ఏడాది పీట ఎత్తి అటక మీద పెట్టేసింది.

మిర్యాలగూడలో జరిగింది ఆ సంగతి. సూర్యాపేట నుంచి వెళ్లి అక్కడ రైసుమిల్లు పెట్టుకున్న కుటుంబం, మనవరాలు పుడితే రుక్కమ్మే కావాలని కారు పంపింది. మొదటి నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఐదో రోజు బిడ్డను బోర్లా నుంచి వెల్లకిలా తిప్పుతుంటే రుక్కమ్మ నడుంలో కత్తి దిగినట్టయింది. ఊపిరి ఆగిపోయింది, కాళ్లు వాటంతటవే ఎగిరిపడ్డాయి, నూనె ఒళ్లు గదా, బిడ్డ జారింది. పక్కనే కూర్చున్న బిడ్డ నాయనమ్మ రెండు చేతులూ పట్టింది కాబట్టి సరిపోయింది. బిడ్డకు గీత కూడా పడలేదు.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అన్నం పెట్టి, చీర పెట్టి, అదే కారులో ఇంటికి పంపించారు. దారి పొడుగునా రుక్కమ్మ తన కాళ్ల వంకే చూసుకుంటూ కూర్చుంది. ఇల్లు చేరాక కొడుకు గోపాల్‌తో, "ఇగ నాతోని కాదురా. బిడ్డ తలకాయ నేలకు తాకితే నేనేం జేద్దును?" అని బోరున ఏడ్చింది. ఆటో నడుపుకునే గోపాల్‌కు తల్లి ఏడవడం చూసిన జ్ఞాపకం పెద్దగా లేదు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత ఎవరు పిలిచినా రుక్కమ్మ తలుపు దగ్గరే వద్దని చెప్పి పంపేది.

ఇట్లా ఉండగా ఒక ఆదివారం సత్యవతి టీచరు వచ్చింది, వెంట కూతురు నవ్య. నవ్యకు ఐదో నెల. ఈ పిల్లను కూడా రుక్కమ్మే లాల పోసి పెంచింది. ఇప్పుడు కోదాడలో అత్తగారిల్లు, అక్కడే ఒక దవాఖానలో ఫిజియోథెరపిస్టు. శని ఆదివారాలు సూర్యాపేట వచ్చి తల్లిగారింటి మేడ మీద ఆడవాళ్లకు పిలాటిస్ అనే వ్యాయామం నేర్పుతుంది.

"అవ్వా, నా బిడ్డకు నువ్వే నీళ్లు పోయాలె" అంది నవ్య.

"నాతోని కాదు బిడ్డా. మిర్యాలగూడ ముచ్చట నీకు ఎరుకలేదా?"

"ఎరుకే. అందుకే వచ్చిన. నా బిడ్డ వచ్చే టయానికి నీ నడుం నేను నిలబెడత. నువ్వు రా."

"మొక్కయి వంగనిది మానయి వంగుతదా?" అని నవ్వేసింది రుక్కమ్మ. నవ్వింది గానీ, ఆ పిల్ల పొట్ట వంక చూసిన చూపు మాత్రం నవ్వు చూపు కాదు. ఆ బిడ్డను తాకకుండా తాను ఉండగలదా? వేరే ఎవరో వచ్చి పీట వేసుకుని కూర్చుంటే చూస్తూ ఊరుకోగలదా? తరువాతి శనివారం గోపాల్ ఆటోలో మేడ ముందు దిగింది.

మేడ మీద రేకుల షెడ్డు, కింద తాటిపత్రి పట్టా, దాని మీద పొడుగు చాపలు. పిలాటిస్ అన్న పేరు రుక్కమ్మకు నోరు తిరగలేదు. మొదటి రోజు మొత్తం నవ్య ఊపిరి గురించే మాట్లాడింది గనుక దానికి ఊపిరిబడి అని పేరు పెట్టేసింది. హాస్టల్లో వంట చేసే మోతీబాయి పక్క చాప. ఇద్దరికీ అరగంటలో దోస్తీ అయిపోయింది.

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించాలి. నడుం కింద చీమలు పోయేంత సందు మాత్రం ఉండాలి. ముక్కుతో ఊపిరి పీలిస్తే పక్కబొక్కలు, అదే పక్కటెముకలు, గొడుగు విప్పినట్టు రెండు వైపులా విచ్చుకోవాలి, వీపు చాపలోకి వెడల్పవ్వాలి. నోటితో సన్నగా వదులుతుంటే పొత్తికడుపు దానంతటది లోపలికి, పైకి అందుకోవాలి. ఏ పనైనా, కాలు ఎత్తడమైనా తల ఎత్తడమైనా, వదిలే ఊపిరి మీదనే మొదలుపెట్టాలి.

"కదలిక కాలుల పుట్టదు, నడుముల పుడతది. అక్కడ కుదిరినంకనే కాలు లేవాలె" అనేది నవ్య. "ఎన్నిసార్లు చేసినమన్నది కాదు. ఆగమాగం పదిసార్లు చేసేకంటే నిమ్మళంగ ఒక్కసారి చెయ్యి. మనసు ఆడనే పెట్టు. కడుపు మీద చాయ్ కప్పు ఉన్నదనుకో, ఒలకొద్దు."

"నాది ఎప్పుడో ఒలికింది, ఇంకో కప్పు పొయ్యి" అనేది మోతీబాయి. చాపలన్నీ నవ్వేవి.

రుక్కమ్మ మాత్రం నవ్వలేకపోయేది. ఆమె కాలు ఎత్తమంటే ముందు ఊపిరి బిగబట్టేది. అది ఎప్పటినుంచో ఉన్న అలవాటు. బిందె ఎత్తినా, వేడినీళ్ల గంగాళం దించినా, బిడ్డను ఎత్తినా బిగబట్టడమే. నవ్య వచ్చి "వదులు అవ్వా, వదులు" అంటే వదిలేది, వదలగానే కాలు కింద పడేది. పీల్చమంటే భుజాలు చెవుల దాకా లేచేవి, పక్కబొక్కలు అంగుళం కదిలేవి కావు. వారాలు గడుస్తున్నాయి. మోతీబాయి, అంత ఒళ్లు వేసుకుని, వెన్నుపూసలు ఒక్కొక్కటిగా లేపి నడుం వంతెన కట్టేస్తోంది. రుక్కమ్మకు కళ్లు తిరుగుతున్నాయి.

ఒక శనివారం ఆమె చాప చుట్టేసింది. "నీకు ఏడో నెల వడ్డది. నాకు ఊపిరి వస్తలేదు. వేరేటోళ్లను సూసుకో బిడ్డా, నా మీద ఆశ పెట్టుకోకు" అని మెట్ల వైపు నడిచింది. 

నవ్య వెళ్లి ఆపింది. అంత పొట్టతో మెట్ల మీద కూర్చోలేక గోడకు ఆనుకుని, "ఒక్కసారి నన్ను చెయ్యి పెట్టి సూడనియ్యి" అంది. రుక్కమ్మ పక్కలు పట్టుకుని పీల్చమంది. వేళ్ల కింద ఏదో గట్టిగా, రాయిలా తగిలింది. "అవ్వా, ఇదేంది?"

"ఏంలేదు."

"ఏంలేకుంటే ముడి ఎట్ల తగులుతది?"

రుక్కమ్మ చీర కొంగు ఇంకా దగ్గరగా లాక్కుంది. చివరికి, చిన్నపిల్ల దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పింది. నడికట్టు. గోపాల్ పుట్టినప్పుడు అత్త కట్టింది. నడుం గట్టిపడేదాకా విప్పకు అంది. నడుం గట్టిపడిందో లేదో ఎవరు చెబుతారు? ఆ చెప్పాల్సిన అత్త కాస్తా పోయింది. రుక్కమ్మ స్నానానికి విప్పడం, మళ్లీ కట్టుకోవడం. గుడ్డ చిరిగితే ఇంకో గుడ్డ. గోపాల్‌కు ముప్పై దాటాయి, పెళ్లయింది, ఆటో కిస్తీలు కూడా అయిపోయాయి, ఆమె కట్టు మాత్రం విప్పలేదు. మిర్యాలగూడ తర్వాత ఇంకో చుట్టు పెంచింది. ఊపిరిబడికి వచ్చే రోజు బాగా చేయాలని ఇంకా బిగించి వచ్చేది!

మోతీబాయి తన చాప వదిలి దగ్గరికి వచ్చింది. 

"విప్పితే కూలవడత బిడ్డా" అంది రుక్కమ్మ. "నన్ను నిలబెట్టింది అదే. పురిట్ల నాకు అమ్మ లేదు. మా అత్త నోరు మంచిది కాదు, దినాం తిట్టేది. కానీ ఆ కట్టు కట్టెటప్పుడు మాత్రం నా తల నిమిరింది. 'నేనున్న తియ్యి' అన్నది. గా ఒక్కసారే అన్నది."

నవ్యకు కన్నీళ్లు వచ్చాయి. నవ్వుతూనే తుడుచుకుంది. "పారెయ్యమంటలేను అవ్వా. బాలింతకు పదిరోజులు కడితే తప్పు లేదు. డాక్టర్లు కూడ బెల్టు ఇస్తరు. కానీ ముప్పై ఏండ్లు గుడ్డనే నిన్ను పట్టుకుంటే, లోపల పట్టుకునే కండ నిద్రపోయింది. ఊపిరి కిందికి దిగెటందుకు జాగ లేదు. లోపల కూడ ఒక నడికట్టు ఉంటది. దాన్ని లేపుదాం. ఈ గుడ్డతోనే లేపుదాం."

లోపలి గదిలోకి తీసుకెళ్లి విప్పించింది. ఆ గుడ్డను పొట్ట మీద కాదు, పక్కబొక్కల చుట్టూ వదులుగా చుట్టింది. రెండు కొసలు ముందుకు తెచ్చి, మెలిక వేసి, రుక్కమ్మ రెండు చేతులకూ ఇచ్చింది. "పీల్చెటప్పుడు గుడ్డను నూకాలె, అన్ని దిక్కులకు. ముందుకే కాదు, పక్కలకు, వీపుకు. వదిలెటప్పుడు కొసలు మెల్లగ గుంజు."

రుక్కమ్మ పీల్చింది. భుజాలే లేచాయి. మళ్లీ పీల్చింది. మళ్లీ అవే. "వీపుతోని ఊపిరి ఎవలన్న పీలుస్తరా? నీ సదువు పాడుగాను" అని విసుక్కుంది.

"పసిపిల్లలు పీలుస్తరు" అంది నవ్య.

రుక్కమ్మ చేతులు ఆగిపోయాయి. కళ్లు మూసుకుంది. బోర్లా పడుకున్న బిడ్డ వీపు మీద తన అరచేయి పెట్టినప్పుడల్లా, ఆ చిన్ని వీపు ఆ చేతిని పైకి నూకడం, పక్కలు రెండూ ఉబ్బి వేళ్లకు తగలడం, ఆమె అరచేతికి ఎప్పటినుంచో తెలుసు. అది ఊపిరి అని తెలుసు గానీ, తానూ అట్లా పీల్చవచ్చని ఎన్నడూ తోచలేదు. తన వీపు మీద ఎవరో చేయి పెట్టారనుకుంది. ఆ చేతిని నూకుదామనుకుంది.

గుడ్డ బిగిసింది. వెనక బిగిసింది, పక్కలా బిగిసింది. భుజాలు కదలలేదు. వదిలేటప్పుడు పొత్తికడుపులో ఎక్కడో లోతున ఏదో మెల్లగా దగ్గరికి రావడం ఆమెకు తెలిసింది.

"ఓయమ్మో" అంది. "ఉన్నదే! లోపల ఉన్నదే!" అని, వెంటనే ఏడ్చేసింది. నవ్య కూడా ఏడ్చింది. మోతీబాయి తలుపు తోసుకుని వచ్చి, ఏమైందో తెలియకుండానే, ఇద్దరినీ ఒకేసారి తిట్టి మంచినీళ్లు తాగించింది.

ఆ రోజు నుంచి రుక్కమ్మ వేరే మనిషి అయిందంటే అబద్ధం. ఇల్లు అలకగానే పండగా? కట్టు లేకుండా నడిస్తే మొదట్లో ఒళ్లంతా ఊడిపడిపోతుందేమో అన్నట్టుండేది. రెండుసార్లు నొప్పి తిరగబెట్టింది. ఒకసారి దొంగతనంగా మళ్లీ కట్టుకుంది కూడా. అయినా పొద్దున్నే చాప పరిచేది. పీల్చు, వెడల్పవు, వదులు, అప్పుడు ఎత్తు. గోపాల్ చాయ్ తాగుతూ, "అమ్మా, మాను వంగుతున్నట్టే ఉన్నదే" అనేవాడు. "నీ నోరు వంగ" అని, ఆ ఊపిరి మీదనే కాలు ఎత్తేది.

నొప్పి తగ్గాక నవ్య అసలు పని పెట్టింది. పీట అటక దిగింది. బిడ్డంత బరువు సన్నబియ్యం గుడ్డలో మూట కట్టి, కాళ్ల మీద వేసుకుని, బోర్లా తిప్పాలి, వెల్లకిలా తిప్పాలి, ఎత్తాలి. తిప్పే ముందు పీల్చాలి, వదులుతూ తిప్పాలి. ఒక కదలిక ఆగకుండా ఇంకో కదలికలోకి నీళ్లు పోసినట్టు జారాలి. ఆ మాట రుక్కమ్మకు మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది. "బిడ్డకు పేరేం పెట్టినవ్?" అనేది మోతీబాయి. "సన్నమ్మ" అనేది రుక్కమ్మ. సన్నమ్మ ఒక్కసారి కూడా జారలేదు. కానీ సన్నమ్మ ఏడవదు, తన్నదు, దాని తల నేలకు తగిలితే పోయేదేమీ లేదు. ఆ సంగతి రుక్కమ్మకు తెలుసు, పడుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది.

నవ్యకు కోదాడలో ఆపరేషన్ అయింది, ఆడపిల్ల. కొన్నాళ్లకు తల్లీ బిడ్డా సూర్యాపేట వచ్చారు. బొడ్డు ఊడిన మరునాడు పొద్దున సత్యవతి టీచరు నుంచి కబురు వచ్చింది. రుక్కమ్మ కొత్త చీర కట్టుకుంది, ఆటో ఎక్కేముందు వేపచెట్టుకు దండం పెట్టుకుంది. చేతిసంచిలో నడికట్టు గుడ్డ ఉంది, ఉతికి మడత పెట్టింది.

మనవరాలి స్నానం చూడాలని కోదాడ నుంచి నవ్య అత్తగారు కూడా వచ్చింది. మంచి మనిషే. కానీ వంటింట్లో ఆమె మాట రుక్కమ్మ చెవిన పడింది. "వదినగారూ, మిర్యాలగూడలో పాపను జారవిడిచింది ఈవిడేనటగా? నాకెందుకో భయంగా ఉందండీ."

సత్యవతి ఏం జవాబు చెప్పిందో రుక్కమ్మ వినలేదు. లోపలికి వేయబోయిన అడుగు అక్కడే ఆగింది. వెనక్కి తిరిగి పోదామా అనిపించింది, నిజంగానే అనిపించింది. ఆ మాటలో అబద్ధం ఏముంది గనక?

అప్పుడే గదిలోంచి నవ్య దగ్గు వినిపించింది. దగ్గు కాదు, దగ్గబోయి ఆపుకున్న చప్పుడు. రుక్కమ్మ లోపలికి వెళ్లింది. కుట్లు లాగుతాయని నవ్య భుజాలు బిగించి, పైపైన ఊపిరి తీస్తూ పడుకుని ఉంది. అంతమందికి నేర్పిన పిల్ల! "తెలుసు అవ్వా, అంతా తెలుసు. కానీ భయమైతుంది" అంది.

"తెలిసినోళ్లకు భయం ఉండదా ఏంది?" అని పక్కన కూర్చుంది రుక్కమ్మ. రెండు చేతులూ ఆ పిల్ల పక్కబొక్కల మీద వేసింది. "కుట్ల జోలికి పోకు. ఊపిరి ఈడికి తే, నా చేతులకు. తొందర లేదు. ఆఁ... ఇంకొంచెం. ఇగ ఇడువు." నవ్య వదిలింది. మరొకసారి. భుజాలు దిండు మీదికి దిగాయి. రుక్కమ్మ ఆ పిల్ల తల నిమిరింది. "నేనున్న తియ్యి" అంది. అన్నాక తానే ఉలిక్కిపడింది, ఆ మాట ఎక్కడిదో గుర్తొచ్చి.

ఇక వెనక్కి పోవడం అన్న మాట లేదు. పీట వేయించింది. కాళ్లు చాపింది. సంచిలోంచి గుడ్డ తీసి, కాళ్ల మీద నిండుగా పరిచి, తడిపింది. నూనె ఒళ్లు జారకుండా దానికి పట్టు ఉంటుంది. సత్యవతి బిడ్డను తెచ్చి ఆ గుడ్డ మీద బోర్లా పడుకోబెట్టింది. నవ్య గోడ పట్టుకుని మెల్లగా నడిచి వచ్చి గడప దగ్గర కుర్చీలో కూర్చుంది. అత్తగారు చేతులు ముందుకు చాపి, పట్టుకోవడానికి సిద్ధంగా, పక్కనే గొంతుక్కూర్చుంది.

నూనె అయింది, నలుగు అయింది. బిడ్డ కెవ్వుమంటోంది, తన్నుతోంది. సన్నమ్మ ఎక్కడ, ఈ రాక్షసి ఎక్కడ! రుక్కమ్మ చెంబు పక్కన పెట్టింది. ఇప్పుడు వెల్లకిలా తిప్పాలి. ఒక చేయి మెడ కింద, ఒక చేయి తొడ కింద. ఊపిరి పీల్చింది. సరిగ్గా అప్పుడే నడుంలో పాత కత్తి కదిలింది.

గదిలో అందరికీ ఆమె ముఖం చూస్తే తెలిసిపోయింది. అత్తగారి చేతులు ఇంకా ముందుకు వచ్చాయి. సత్యవతి "అయ్యో" అంది. రుక్కమ్మ మాత్రం కదల్లేదు. బిగబట్టలేదు. కాళ్లు ఎగరలేదు. ఆ నొప్పి చుట్టూ వెడల్పుగా, వీపంతా నిండేలా పీల్చి, సన్నగా, పొడుగ్గా వదలడం మొదలుపెట్టింది. లోపలి కట్టు అందుకుంది. ఆ వదిలే ఊపిరి మీదనే బిడ్డ ఆమె చేతుల్లో తిరిగి, గుడ్డ మీద వెల్లకిలా వాలింది. ఎందుకో ఏడుపు ఆపి, తలకిందుల ముఖం ఒకటి పైన కనబడితే, దాని వంక కళ్లు పెద్దవి చేసి చూసింది.

రుక్కమ్మ బిడ్డ ఛాతీ మీద అరచేయి పెట్టింది. చిన్ని పక్కలు రెండూ ఆ చేతిని నూకుతున్నాయి.

గడప దగ్గర కుర్చీలోంచి మాత్రం ఊపిరి చప్పుడు కూడా లేదు. రుక్కమ్మ తల తిప్పలేదు, చెంబు అందుకుంది.

"నువ్వెందుకు బిగవట్టినవ్ నవ్యా? ఇడువు" అంది. "పడదు బిడ్డా. ఇగ పడదు."